ఉన్ని ఎండ్రకాయ

"సీత కష్టములు సీతవి, పీత కష్టములు పీతవి" అని సామెత. సీత కష్టములను వర్ణించుటకు తెలుగునాట ఎందరో కవులు పూనుకొనిరి. పీత కష్టములను పట్టించుకొన్నవారు మాత్రము అరుదు. ఈ సంచికలో మేము పీత పక్షమున నాలుగు మాటలు వ్రాయదలచితిమి. తెలుగు బోధించువారు ఛందస్సును గూర్చియో, ప్రబంధములను గూర్చియో వ్రాయక ఈ బురదలోనికి దిగనేల యని కమిటీవారికి సందేహము కలుగవచ్చును. తుదివరకు చదివినచో ఆ సందేహము తీరునని మా నమ్మకము.

పల్నాటి పల్లెలలో పీతను ఎండ్రకాయ యందురు. సంస్కృతమున కర్కటకము, కుళీరము. ఉర్దూలో కేకడా. అరబ్బీనుండి ఉర్దూలోనికి వచ్చిన 'సర్తాన్' అను మాటకు పీతయనియు, ఆకాశమందలి కర్కాటక రాశియనియు, ప్రాణాంతకమైన ఒక వ్యాధియనియు మూడర్థములు కలవు. లాటిను భాషలోని 'క్యాన్సర్' అను మాటకును సరిగా ఈ మూడర్థములే. ఇన్ని భాషలలో ఇంత పేరు గడించిన ప్రాణి మన పొలము గట్టున మాత్రము అనామకముగా బ్రతుకుచున్నది. గట్టుకు బొరియలు పెట్టి మడిలోని నీటిని జార్చివేయునని రైతునకు దానిపై కోపము. ఇక మా ముస్లిముల ఇండ్లలో దానికి వంటగది ప్రవేశమే లేదు. ఈ ప్రాంతపు ముస్లిములలో అధికసంఖ్యాకులు అనుసరించు హనఫీ ధర్మశాస్త్రము నీటి ప్రాణులలో చేపను మాత్రమే ఆహారముగా అంగీకరించును.  కావున మా బాల్యమున ఎండ్రకాయ యనగా తినుబండారము కాదు, చేపను పట్టుటకు గాలమునకు గ్రుచ్చు ఎర మాత్రమే.

ఎర సంగతి వచ్చినపుడు ఒక ధర్మసందేహము తప్పదు. ఎండ్రకాయ కాళ్లను విరిచి, ప్రాణముండగనే గాలపు ముల్లునకు గ్రుచ్చి నీటిలో వ్రేలాడదీయుట చూచినవారికి ఆ కష్టము పీతది మాత్రమే యని ఊరకుండుట సాధ్యము కాదు. ప్రాణమున్న జీవిని కట్టివేసి బాణములకు గురిగా చేసికొనుటను ప్రవక్తవారు నిషేధించినట్లు హదీసులలో ఉన్నది. బ్రతికియున్న ఎరను గ్రుచ్చి చేపలు పట్టుట తగదని ధర్మశాస్త్రజ్ఞులలో కొందరు అభిప్రాయపడిరి. చేపను పట్టుకొనుట ఆహారము కొరకు. దానికొరకు మరియొక ప్రాణిని గంటల తరబడి వేధించుట ఏల? ఈ ప్రశ్న మమ్ము చాలకాలము వెంబడించినది. దానికి సమాధానము పుస్తకములలో కొంత దొరకినది, మిగిలినది మా తరగతి గదిలోనే దొరకినది.

గాలమునకు ప్రాణిని గ్రుచ్చుటకు మారుగా, ఈకలతోను దారముతోను ప్రాణి బొమ్మను కట్టి చేపను నమ్మించు విద్య ఒకటి కలదు. ఆంగ్లమున దానిని ఫ్లై కట్టుట యందురు. ఫ్లై యనగా ఈగ. మొదట కట్టినవి ఈగల బొమ్మలే గనుక ఆ పేరు నిలిచినది. మేము దీనిని గూర్చి మొదట చదివినది ఎం.ఏ. చదువు దినములలో విశ్వవిద్యాలయ గ్రంథాలయమునందు. క్రీస్తు శకము 200 ప్రాంతమున ఏలియన్ అను రోమను రచయిత మాసిడోనియా దేశపు జాలరులను గూర్చి వ్రాయుచు, వారు గాలమునకు ఎఱ్ఱని ఉన్నిని చుట్టి, కోడిపుంజు మెడక్రింది తమ్మెల కడ మొలచు ఈకలు రెండు బిగించి చేపలు పట్టుదురని వర్ణించెను. నిజమైన ఈగనే ఎరగా వాడరాదా యన్న ప్రశ్నకు ఆయన చెప్పిన కారణము మనోహరమైనది. మనిషి చేయి తగిలినంతనే ఆ ఈగ సహజమైన రంగు కోల్పోవునట, దాని రెక్కలు వాడిపోవునట. అసలును తాకినచో చెడిపోవును గనుక నకలు అవసరమైనదన్నమాట.

మన దేశమునను గాలపు విద్యకు శాస్త్రమర్యాద లేకపోలేదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్ది పూర్వార్ధమున రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణమొకటి కలదు. అందు చేపల జాతులు, వానిని ఒకచోటికి మరపు మేపులు, గాలపు కర్ర, దారము మొదలైన విషయములు చెప్పబడినవి. ప్రసిద్ధ మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దీనిని గూర్చి ప్రత్యేకముగా వ్రాసెను. పల్నాటి వీరుల కథ నడచినదియు ఆ శతాబ్దముననే. బ్రహ్మనాయుడు, నాగమ్మ కోడిపుంజులను బరిలోనికి దింపిన నేలపై పుట్టిన మనము ఆ పుంజు ఈకతో యుద్ధము కాక మరియొక పనియు చేయవచ్చునని తెలిసికొనుట మంచిదే.

ఈకల ప్రస్తావన వచ్చినది గనుక ఒక హెచ్చరిక. దక్షిణ భారతపు అడవులలో బూడిదరంగు అడవికోడి యుండును. దాని మెడ ఈకలపై మైనపు చుక్కలవంటి మెరుపు మచ్చలుండును. ఆ మచ్చల కొరకే బ్రిటిషువారి కాలమునుండి ఆ ఈకలు ఫ్లైలు కట్టువారికి సీమకు ఎగుమతియైనవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేడు ఆ పక్షి రక్షిత ప్రాణి. దానిని చంపుటగాని, ఈకలను అమ్ముటగాని నేరము. నల్లమల మన పొరుగునే యున్నది గదా యని ఎవరును ఆశపడరాదు. కోళ్ల అంగడివారు చెత్తబుట్టలో పారవేయు నాటుపుంజు ఈకలు మన పనికి చాలును.

ఇక అసలు విషయము. ఎండ్రకాయ బొమ్మను గాలముపై కట్టు పద్ధతులలో ప్రపంచ ప్రసిద్ధి పొందినది అమెరికాలో 1980 దశకమున పుట్టినది. కాలిఫోర్నియాకు చెందిన డెల్ బ్రౌన్ అనునతడు దానిని రూపొందించెను. ఫ్లోరిడా దక్షిణపు కొసనున్న దీవుల చుట్టు మోకాలిలోతు సముద్రమున పెర్మిట్ అను చేప తిరుగును. పీతలను నమలుట దాని వృత్తి. మహా అనుమానపు చేప. దాని దగ్గరి చుట్టమైన సిల్వర్ పంపానో మన సముద్రములలోను గలదు. తమిళనాడులోని మండపమునందు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు 2011లో దానిచే గ్రుడ్లు పెట్టించి పిల్లలను సాధించిరి. జీవితకాలమున ఒక పెర్మిట్‌ను ఫ్లైతో పట్టినవాడే గొప్పవాడుగా ఎంచబడు చోట, డెల్ బ్రౌన్ తాను కట్టిన ఉన్ని పీత ప్రధాన సాధనముగా 500కు పైగా పట్టెను.

దాని నిర్మాణము చూడుడు. కంబళ్లు నేయు ముతక ఉన్ని పోగులను, లేత గోధుమరంగువి, ముదురు గోధుమరంగువి, వేలెడు ముక్కలుగా కత్తిరించి, గాలపు కాడకు అడ్డముగా ఒకదాని ప్రక్క ఒకటి దారముతో బిగింతురు. దారము ఆంగ్లపు 8 అంకె ఆకారమున తిరుగవలెను. అప్పుడే పోగు ఇటునటు తిరుగక నిలుచును. తరువాత కత్తెరతో గుండ్రముగా కత్తిరింపగా చిప్ప ఏర్పడును. కాళ్లకు సన్నని రబ్బరు దారములు, ముందరి డెక్కలకు కోడి ఈకలు. కంటి దగ్గర రెండు సీసపు గుండ్లు. ఆ గుండ్ల బరువువలన గాలము తలక్రిందులై ముల్లు పైకి నిలుచును, అడుగున గడ్డికి తగుల్కొనదు. బొమ్మ నిట్టనిలువుగా మునిగిపోవును. ఇందులో పీత కన్నులు, పీత నోరు, పీత చిప్పపై గల గీతలు ఏవియు లేవు. దగ్గరనుండి చూచిన మనిషికి అది కంబళి పీలిక. చేపకు మాత్రము ఆహారము.

మేమును ఒకటి కట్టితిమి. దర్జీ దుకాణమునుండి దారము, పాత శాలువా ఉన్ని, కోళ్ల అంగడినుండి ఈకలు, చేపల వలలకు కట్టు సీసపు ముక్కలు, బజారులో కొన్న గాలములు. ఖర్చు స్వల్పము, ఓపిక అధికము. కట్టిన దానిని తరగతిలో చూపి, అనుకరణము అను విషయముపై పాఠము చెప్పుట మా ఉద్దేశము. పిల్లలందరు చేతులు మార్చుకొని చూచి మెచ్చుకొనిరి. గురజాల వైపు పల్లెనుండి వచ్చు విద్యార్థి ఒకడు మాత్రము తలవంచుకొని కూర్చుండెను. వాని తల్లిదండ్రులు కూలిపని చేయుదురు. నాట్ల కాలమున గట్ల వెంట ఎండ్రకాయలు పట్టి తెచ్చుట వారి ఇంట అలవాటు. ఆ మాట తెలిసిన తోటివారు వానిని ఎండ్రకాయ యనియే పిలుచుచుండిరట. అందువలన ఆ విషయము వచ్చినపుడెల్ల వాడు నోరు విప్పడు. గంట అయిన పిదప మా గదికి పిలిచి బొమ్మను వాని చేతిలో పెట్టి, "ఎట్లున్నది నాయనా, నిజము చెప్పు" అంటిమి.

వాడు దానిని అటునిటు త్రిప్పి చూచి, "బొమ్మ బాగుంది సార్. కానీ దీనికి బయం లేదు" అనెను.

"భయమేమిటి?"

"ఎండ్రకాయ నీళ్లలో పడితే ఈదులాడదు సార్. డెక్కలు రెండూ పైకెత్తి, పక్కకి పక్కకి జరిగి బురదలో దూరుద్ది. దూరినాక ఇంక కదలదు. కొర్రమేను అది కదిలేటప్పుడు చూసుద్ది, ఆగినప్పుడు పట్టుద్ది. మీరు దీన్ని వానపామును లాగినట్టు లాగితే ఏ చేపా నమ్మదు సార్."

మేము కొంతసేపు మాటలాడలేదు. ఫ్లోరిడా జాలరులు పెర్మిట్‌ను గూర్చి వ్రాసిన గ్రంథములలో పదేపదే చెప్పునదియు సరిగా ఇదియే. చేప దగ్గరకు వచ్చినపుడు బొమ్మను అడుగునకు పడనిమ్ము, పడిన పిదప దానిని కదపకుము. అట్లాంటిక్ తీరపు పండితులు చెప్పిన మాటను గురజాల పొలముగట్టు పిల్లవాడు పుస్తకము చూడకనే చెప్పెను. చెప్పుటయే గాక, దానికి వారెవరును పెట్టని పేరు పెట్టెను, భయము అని. అనుకరణమునకు ఇంతకంటె మంచి నిర్వచనమును మేమెచ్చటను చదువలేదు. ఆకారమును అనుకరించుట సులభము. ప్రాణి భయమును అనుకరించుటయే విద్య.

వాని సలహాతో డెక్కలను పైకి లేచునట్లు మార్చితిమి. ఆ సెలవు దినములలో వాని ఊరి చెరువునకు, చెరువును పాడుకొన్న మత్స్యకారుల అనుమతితో, ఇరువురమును పోయితిమి. తూటికాడల ప్రక్కన బొమ్మను వేసి, మునిగిన పిదప వాడు చేయి పట్టుకొని, "కదపొద్దు సార్" అని ఆపెను. చాలసేపు ఏమియు కాలేదు. ఎండ తలకెక్కినది. అటుపిమ్మట దారము ఒక ప్రక్కకు నెమ్మదిగా నడచినది. వచ్చినది మూరకు కొంచెము తక్కువ కొర్రమేను. దాని నోటినుండి తడిసిన ఉన్నిని తీయుచు ఆ పిల్లవాడు, "నిజమే అనుకుంది సార్" అని నవ్వెను. చేప వాని ఇంటికి పోయినది. ఆనాడు ఏ ఎండ్రకాయ కాలును విరుగలేదు.

కథ ఇంతటితో ముగిసినచో సుఖాంతమే. కాని ఆ గట్లవెంట నడచుచున్నపుడు వాడు చెప్పిన మరియొక మాట మమ్ము కలత పెట్టినది. తాత కాలమున ఒక పూటలో బుట్టెడు దొరకిన చోట ఇప్పుడు పిడికెడు దొరకుట కష్టమట. ఎండ్రకాయ జీవిత విధానము తెలిసికొన్నచో దీని గంభీరత తెలియును. దాని చిప్ప సున్నముతో గట్టిపడినది. మాచర్ల, దాచేపల్లి నాపరాళ్లలో నున్న సున్నమునకును దీనికిని మూలద్రవ్యమొక్కటే. చిప్ప పెరుగదు గనుక ప్రాణి పెరుగవలెనన్న పాత చిప్పను విడువవలెను. విడిచిన పిదప క్రొత్త చిప్ప గట్టిపడువరకు అది మెత్తని మాంసపు ముద్ద. ఎల్ల శత్రువులకు సులభమైన ఆహారము. బొరియలో దాగికొనుట ఆ దినములలో దానికున్న ఒకే రక్ష. ఎప్పుడు విడువవలెనో నిర్ణయించు హార్మోను దాని కంటికాడలలో పుట్టును. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర పరిశోధకులు మన వరిపొలముల ఎండ్రకాయపై ఏండ్ల తరబడి పరిశోధనలు చేసిరి. పురుగుమందులు దాని శరీరమున కలిగించు మార్పులను వారు 1980 దశకముననే ప్రకటించిరి.

మరియొక విశేషము. సముద్రపు పీతల పిల్లలు నీటిలో తేలియాడుచు అలలతో దూరదేశములకు పోయి పెరుగును. మన మంచినీటి ఎండ్రకాయ అట్లు కాదు. తల్లి తన పొట్టక్రింది మడతలో గ్రుడ్లను మోసి, అవి పగిలి చిన్న చిన్న ఎండ్రకాయలైన పిదపను కొంతకాలము అచటనే దాచుకొనును. మాతృప్రేమకు ఇది మంచి నిదర్శనమే గాని, ఇందొక ప్రమాదమున్నది. పిల్లలు దూరము పోవు గనుక, ఒక గట్టున జాతి నశించినచో పొరుగునుండి వచ్చి మరల నిండుట బహుకష్టము.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. కుడికాలువ నీటితో పల్నాటి మెట్టనేలలు కొన్ని మాగాణులైనవి, బీడులు పచ్చనైనవి. దానివెంట ప్రత్తి, మిరప పెరిగినవి, వానివెంట మందుల పిచికారీలు పెరిగినవి. ఎండోసల్ఫాన్ అను మందును సుప్రీంకోర్టు 2011లో నిషేధించినది. మనుష్యులపై దాని ప్రభావమును గూర్చి దేశమంతయు చర్చించినది. పీత కష్టములు ఆ చర్చలో లేవు. కాలువ వలదని ఎవరును అనరు, రైతు పంటను పురుగునకు వదలుమని చెప్పు అధికారము మాకు లేదు. కాని మోతాదునకు మించి పిచికారీ చేసిన మందు డబ్బాను కాలువలో కడుగకుండుట ఎవరికిని నష్టము కాదు.

తెలుగు బోధించు మాకు ఇందులో పనియేమన్న ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పగలము. సాహిత్యమంతయు ఒక విధముగా ఉన్ని ఎండ్రకాయయే. కవి లోకమును చూచి బొమ్మ కట్టును. బొమ్మలో ప్రాణమున్నట్లు పాఠకుడు నమ్మవలెనన్న కవి అసలు ప్రాణితో కొంతకాలము కాపురము చేసియుండవలెను. మన వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువా పారశీక మహాకవి కథను ఫిరదౌసి కావ్యముగా తెలుగున వ్రాసెను. ఆయన చూచినది పారశీక దేశము కాదు. ఆశపెట్టి మాటతప్పిన ప్రభువు ఎదుట కవి పడు అవమానము ఎట్టిదో ఆయనకు తెలియును. ఆకారము దూరమునుండి తెచ్చుకొనవచ్చును, భయము, బాధ మాత్రము మన గట్టునుండియే రావలెను. నోట్సులనుండి నోట్సులు, వానినుండి మరల నోట్సులు వ్రాసికొను పద్ధతిలో నకలు మిగులును, అసలు కనుమరుగగును. పొలములో ఎండ్రకాయ లేనినాడు ఉన్ని ఎండ్రకాయను సరిదిద్దువాడు ఎవడు? దానికి భయము లేదని చెప్పువాడు ఎవడు?

కమిటీవారికి మా విన్నపము చిన్నది. ఈ వార్షిక సంచికలో ప్రతి సంవత్సరము నాలుగు పుటలు కేటాయించి, విద్యార్థులు తమ ఊరి చేపలు, పీతలు, పిట్టలు, కలుపుమొక్కల పేర్లను తెలుగునను ఉర్దూలోను వ్రాయించి అచ్చొత్తింపవలెను. నాగులేటి ఒడ్డున ఒక చేపకు రెండు భాషలలో ఏమి పేర్లున్నవో చెప్పగల పిల్లలు మన కళాశాలలో ఉన్నారు. వారి జ్ఞానమునకు పరీక్షలో మార్కులు లేవు గనుక వారును దానిని దాచుకొనుచున్నారు. అచ్చులో చూచుకొన్ననాడు ఆ సిగ్గు కొంత తగ్గును.

ప్రియ విద్యార్థులారా! గాలము వేయదలచినవారికి రెండు మాటలు. ఎత్తిపోతల క్రింద మొసళ్లున్నవి, ఆ దరిదాపులకు పోవలదు. ఇతరులు పాడుకొన్న చెరువులో అనుమతి లేక చేయి పెట్టవలదు. ఉన్ని ఎండ్రకాయను కట్టు పద్ధతి కావలసినవారు మా గదికి రావచ్చును. అయితే దానిని నీటిలో ఎట్లు భయపెట్టవలెనో మేము చెప్పము. ఆ పాఠము చెప్పుటకు ద్వితీయ సంవత్సరపు తరగతిలో మాకంటె సమర్థుడు ఒకడున్నాడు. మొన్నటి పరీక్షలో వ్యాసరచనకు ఇష్టమైన అంశమును ఎన్నుకొనుడని చెప్పగా, వాడు 'మా గట్టు ఎండ్రకాయలు' అని రెండు పుటలు వ్రాసెను. అక్షరదోషములు పదకొండున్నవి. ఆ తరగతిలో అన్నిటికంటె ఎక్కువ మార్కులు దానికే వేసితిమి.